గోడ పక్క లెక్క

ఆ చేతిలో బట్ట పక్కన పెట్టి ఇలా నా దగ్గరికి జరుగు. గట్టిగా చెప్పుకునే సంగతి కాదు ఇది. నీకు మాటలు వచ్చిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నావు, ఒకే వీధిలో ఉంటూ నీ తమ్ముడితో నువ్వెందుకు మాట్లాడవు అమ్మమ్మా అని. నేనేమో ఒకసారి చెవుడని, ఒకసారి పనుందని దాటవేస్తూ వచ్చాను. ఇవాళ దాటవెయ్యను. నువ్వు ఊ కొట్టకపోయినా ఫరవాలేదు గానీ ఒక్క ముక్క జారవిడవకు.

మీ అమ్మ ఏడో తరగతి పరీక్షలు రాసిన వేసవి అది. పెద్ద రోడ్డు మీది వంతెన పగుళ్ళిచ్చిందని మూసేశారు. మూసిన మర్నాటి నుంచి బళ్ళన్నీ మన వీధిలోకి మళ్ళాయి. అంతకుముందు మన వీధిలోకి లారీ వచ్చిందంటే దారి తప్పి వచ్చిందని అందరం బయటికొచ్చి చూసేవాళ్ళం. ఆ వేసవిలో మాత్రం పొద్దున్న పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా హారన్ల మోతే. వంటింట్లోంచి నేనేదైనా అడిగితే ముందుగదిలోంచి మీ అమ్మ ఇంకేదో జవాబు చెప్పేది. పైగా ఆగిన బళ్ళు. ఇటు ఒక వరస, అటు ఒక వరస ఆపుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. మధ్యలో మిగిలిన జాగాలోంచి లారీలు ఒళ్ళు రాసుకుంటూ వెళ్ళేవి. మనిషి మాత్రం ఎక్కడ నడవాలో ఎవరికీ పట్టలేదు.

మన వీధి సంగతి నీకు కొత్తగా చెప్పాలా అనకు. అప్పటి వీధి వేరు. మన గేటు దాటగానే మూతబడిన గిడ్డంగి గోడ మొదలై మూల దాకా సాగేది. ఎదటి పక్క దుకాణాలు, ఆ కొసన బస్సు ఆగే చోటు. బస్సు దిగిన పరాయివాళ్ళంతా ఎదటి పక్కనే నడిచిపోయేవాళ్ళు. గోడ పక్క నడిచేది మన వీధివాళ్ళే. అందరికంటే ఎక్కువగా మీ తాతయ్య.

అప్పటికి ఆయనకి చూపు పోయి పదమూడేళ్ళు. మీ అమ్మ మొహం ఆయన చూడనేలేదు, చేత్తో తడిమి తెలుసుకున్నదే. గోడ చివర ఉన్న షెడ్డులో పేము కుర్చీలు అల్లే పని ఆయనది. పదకొండేళ్ళుగా అదే పని. పొద్దున్నే కుడిచేతిలో కర్ర, ఎడమచేతి వేళ్ళ వెనక వైపు గోడకి ఆనించి, చెయ్యి పట్టుకునేవాళ్ళెవరూ లేకుండా వెళ్ళేవారు. సాయంత్రం చేతులు మార్చుకుని తిరిగొచ్చేవారు. ఎక్కడ పెచ్చు ఊడిందో, ఎక్కడ నీళ్ళ గొట్టం దిగిందో, ఎక్కడ కొత్త కాగితం అంటించారో ఆ గోడ గురించి ఆయనకి తెలిసినంత కట్టిన మేస్త్రీకి కూడా తెలియదు. ఈ గోడ ఉన్నంతసేపూ నాకు కళ్ళున్నట్టే అనేవారు. షెడ్డులో మరో నలుగురు అల్లేవాళ్ళుండేవారు. రోజంతా చేతులు పేముమీద, నోళ్ళు ఒకరి మీద ఒకరివి. ఇంటికొచ్చాక ఆ కబుర్లన్నీ మాకు వడ్డించేవారు. ఇల్లంతా నవ్వులుగా ఉండేది.

వంతెన మూసిన పదో రోజో పన్నెండో రోజో, ఆయన గోడకీ ఆగిన బళ్ళకీ మధ్య మిగిలిన సందులోంచి వస్తుంటే ఒక బండి వెనక్కి కదిలి ఆయన్ని గోడకి అదిమేసింది. మోచెయ్యి దోక్కుపోయింది. రిటైరైన పోస్టుమాన్ గారు, అదే మన పక్కింటాయన, చూసి కేకలేస్తే గానీ ఆ బండి ఆగలేదు. ఆయనే ఇంటికి నడిపించుకొచ్చాడు. నేను పసుపు అద్దుతూ ఆ బండిని తిట్టిపోస్తున్నాను, మీ తాతయ్య మాత్రం నవ్వుతున్నారు.

"దాన్ని తిట్టకు. పాపం దానికి వెనకవైపు కళ్ళు లేవు, నాకు ముందువైపు లేవు" అన్నారు.

ఆ సాయంత్రమే నా తమ్ముడు వచ్చాడు. వాడప్పటికే వీధి సంఘం ప్రెసిడెంటు. ఎదటి పక్క మూల మీద టైల్సు దుకాణం వాడిదే, ఆ ఏడే పైన కొత్త అంతస్తు లేపాడు. వాడికి రెండేళ్ళున్నప్పుడు మా అమ్మ పోయింది. వాణ్ణి చంకనేసుకుని తిరగడంతోనే నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. అన్నం కలిపి పెట్టడం, చొక్కా గుండీలు పెట్టడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం అంతా నేనే. చెబుతున్నది దెప్పడానికి కాదు. వాడు నాకేమవుతాడో నీకు తెలియాలని.

వచ్చి మీ తాతయ్య పక్కన కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

"బావా, నువ్వు నడిచే పక్క ఒక్క బండిని నిలబడనివ్వను. పూచీ నాది."

"నీ పూచీ కంటే ఒక బోర్డు పెట్టించరా. పూచీ నాకు తగిలితే తెలియదు, బోర్డు తగిలితే తెలుస్తుంది" అన్నారు ఈయన. ముగ్గురం నవ్వాం. వాడు వెళ్ళాక మీ తాతయ్య, మీ తమ్ముడు ఎంత ఎదిగినా మనసు మాత్రం ఎక్కడిదక్కడే ఉందే అన్నారు. నాకు ఆ రాత్రి కడుపు నిండిపోయింది.

మాటకి తగ్గట్టే వాడు ఆఫీసు చుట్టూ తిరిగి రోడ్ల ఇంజనీరుని రప్పించాడు. చిన్నవయసు ఆడపిల్ల, ఎండలో టేపు పట్టుకుని వీధి పొడుగునా కొలుచుకుంటూ వచ్చింది. వీధి సంఘం వాళ్ళందరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఈ వెడల్పుకి రెండు పక్కలా బళ్ళు ఆపడం కుదరదు. ఒక పక్క ఆపుకోవచ్చు, రెండో పక్క గీత గీసి నడిచేవాళ్ళకి వదిలెయ్యాలి, అక్కడ ఆగిన బండిని ఎత్తుకుపోతారు. ఏ పక్క ఎక్కువమంది నడుస్తారో ఆ పక్కే నడిచేవాళ్ళది. స్పీడ్ బ్రేకర్ వెయ్యాలో వద్దో కూడా బళ్ళ సంఖ్యని బట్టే. అందుకని రెండు వారాలపాటు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా లెక్క కావాలి. ఆఫీసులో మనుషుల్లేరు, వీధివాళ్ళే ఎవరైనా నమ్మకంగా లెక్క వేసి ఇస్తే చాలు అంది.

ఎవరు వేస్తారని అందరూ మొహమొహాలు చూసుకుంటుంటే నా తమ్ముడు, మా అక్క ఉందిగా అన్నాడు. ఎప్పుడూ కిటికీ దగ్గరే కూర్చుని ఉంటుంది, ఒకసారి చూసింది చచ్చినా మరిచిపోదు అన్నాడు. నిజమే. కాజాలు కుట్టి గుండీలు వేసే పని నాది. దర్జీ చొక్కాలు కట్టలు కట్టి పంపేవాడు, వెలుతురు కోసం వీధి కిటికీ దగ్గర కూర్చుని కుట్టేదాన్ని. నాకు సంతోషం పట్టలేదు. మూడో తరగతి మనిషిని, ఆఫీసువాళ్ళు నా లెక్క అడిగారు. అదీగాక ఆ గోడ పక్క ఖాళీ చేయించడానికి నా చేతులతో చెయ్యగలిగిన పని దొరికింది.

అంకెలు రాస్తూ కూర్చుంటే కుట్టు సాగదు. నా దగ్గరేమో గుండీలకి కొదవ లేదు. ఖాళీ డబ్బాలు వరసగా కిటికీలో పెట్టుకున్నాను. లారీ పోతే కోటు గుండీ, కారు పోతే ప్యాంటుది, మోటారు సైకిలుకి చొక్కా గుండీ. మనుషులకి వేరే రెండు డబ్బాలు. ఎదటి పక్క నడిచిన మనిషికి తెల్లది, గోడ పక్క నడిచిన మనిషికి నీలంది. కుడిచెయ్యి సూదితో ఉంటే ఎడంచెయ్యి డబ్బాల మీద ఆడేది. సాయంత్రం మీ అమ్మ వాటిని నేలమీద పోసి, కుప్పలు చేసి, కాగితం మీద ఎక్కించేది. పధ్నాలుగు రోజులు నేను వంటింట్లోకి కూడా సరిగ్గా వెళ్ళలేదు. పప్పు మాడిపోతే మీ తాతయ్య, ఇవాళ లారీలు ఎక్కువ పోయినట్టున్నాయే అనేవారు.

పోస్టుమాన్ గారికి నా డబ్బాలంటే మహా వేడుక. రోజూ గోడ వెంబడి వెళుతూ కిటికీ దగ్గర ఆగేవాడు.

"అక్కగారూ, నాకో గుండీ పడిందా?"

"మీకెందుకండీ గుండీ? మీరు మన వీధివాళ్ళేగా" అనేదాన్ని.

నిజంగా నాకు అలాగే అర్థమైంది. దారిన పోయేవాళ్ళ లెక్క అన్నారు. దారిన పోయేవాళ్ళంటే వచ్చేపోయేవాళ్ళు. ఇంటికి ఎంతమంది వచ్చారని ఎవరైనా అడిగితే మనల్ని మనం కలుపుకుని చెబుతామా? మన వీధి ఆడవాళ్ళు, పిల్లలు, పోస్టుమాన్ గారు, వీళ్ళెవరూ నా కళ్ళకి లెక్కలోకి వచ్చే మనుషులు కారు. ఇంటివాళ్ళు.

ఏడో రోజో ఎనిమిదో రోజో పొద్దున్నే నా తమ్ముడు వచ్చి, నా పక్కనే కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. ఎలా వేస్తున్నావో చూపించమన్నాడు. చూపించాను. అప్పుడే మీ తాతయ్య కర్ర తీసుకుని గేటు దాటారు. గోడకి చెయ్యి ఆనించి నడుచుకుంటూ మా కళ్ళముందు నుంచే వెళ్ళారు. మేమిద్దరం ఆయన మలుపు తిరిగేదాకా చూశాం. నేను గుండీ వెయ్యలేదు. వాడు నా చేతివంక చూశాడు, నీలం గుండీల డబ్బాలోకి తొంగి చూశాడు. అందులో అడుగున ఒకటో రెండో ఉన్నాయి. మంచినీళ్ళు అడిగి తాగాడు.

"బాగా వేస్తున్నావక్కా. ఇలాగే కానియ్యి. కాగితాలు ఎవరికీ ఇవ్వకు, నేనే వచ్చి తీసుకెళతాను" అన్నాడు.

తలుపు దాకా వెళ్ళి వాణ్ణి సాగనంపి వచ్చాను.

రెండు వారాలు అయ్యాక కాగితాలు తీసుకెళ్ళాడు. మరో వారానికి వార్డు ఆఫీసులో మీటింగు అన్నారు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళాను. మీ తాతయ్యకి షెడ్డులో పనుంది, నువ్వెళ్ళి మన గోడ మనకి తెచ్చిపెట్టు అని పంపించారు. గది నిండా కుర్చీలు, గోడకి మన వీధి పటం. పైన ఫ్యాను తిరుగుతుంటే పటం కొస ఎగురుతోంది, ఇంజనీరమ్మ దానికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. నా డబ్బాల సంగతి అప్పటికే ఆ పిల్లకి తెలుసు. అంత శ్రద్ధగా వేసిన లెక్క తాను ఇంతవరకు చూడలేదని అందరి ముందూ చెప్పింది.

"ఈ లెక్క మీరు వేసిందేనాండీ?" అని అడిగింది.

"నాదేనమ్మా" అన్నాను. లేచి నిలబడి మరీ అన్నాను.

"మా అక్క లెక్కంటే లెక్కే. ఒక్కటి అటూ ఇటూ కాదు" అన్నాడు నా తమ్ముడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఆ పిల్ల చదివింది. లారీలు ఇన్ని, కార్లు ఇన్ని, స్పీడ్ బ్రేకర్ వెయ్యాల్సిందే. ఎదటి పక్క నడిచినవాళ్ళు రెండువేల మూడువందల చిల్లర. గోడ పక్క నడిచినవాళ్ళు పధ్నాలుగు రోజులకీ కలిపి తొమ్మిది మంది. కాబట్టి ఎదటి పక్క నడిచేవాళ్ళకి, గోడ పక్క బళ్ళు ఆపుకోవడానికి. అంటూ పటం మీద గోడ పొడుగునా ఎర్ర పెన్సిలుతో అడ్డగీతలు గీసింది. మన గేటు దగ్గర్నుంచి మూల దాకా.

ఆ గీతలు మన గోడ మీద పడుతున్నాయని తెలిసేసరికి గీయడం అయిపోయింది.

"ఆ పక్క మా ఆయన నడుస్తారమ్మా. రోజూ" అన్నాను.

ఆ పిల్ల కాగితాలు వెనక్కి తిప్పి చూసింది. కోపంగా కాదు, వెతుకుతున్నట్టే చూసింది. మళ్ళీ తలెత్తి, లెక్కలో లేరండీ అంది. నేను నా తమ్ముడివంక చూశాను. ఇప్పుడు వాడు లేచి చెబుతాడనుకున్నాను, మా బావ, చూపులేని మనిషి, ఆ గోడే ఆయన దారి అని. వాడు నావైపు తిరగకుండానే, బావకి ఏదో ఒక ఏర్పాటు చేద్దాంలే అక్కా, ఇది వీధి మొత్తానికి మంచి జరిగే పని అన్నాడు. అని కాగితం మీద సంతకం పెట్టాడు. తర్వాత కాగితం కుర్చీ కుర్చీకీ తిరిగింది. పోస్టుమాన్ గారు ఒక్కడే పెట్టలేదు.

మర్నాడు పోస్టుమాన్ గారిని వెంటబెట్టుకుని ఆ ఇంజనీరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను, నా తెలివితక్కువతనం నేనే నోరారా చెప్పుకున్నాను. వీధివాళ్ళెవరినీ వెయ్యలేదమ్మా, పరాయివాళ్ళనే వేశాను అన్నాను. ఆ పిల్ల తలపట్టుకుంది. దారి లేకపోలేదంది. గీతలు గీసేలోపల వీధి సంఘం తరఫున ఒక అర్జీ వస్తే మళ్ళీ లెక్క వేయిస్తానంది. దానిమీద ప్రెసిడెంటు సంతకం మాత్రం ఉండాలంది. అర్జీ అక్కడే పోస్టుమాన్ గారు రాశారు. అమ్మయ్య అనుకున్నాను. ప్రెసిడెంటు ఎవరు, నేను గుండీలు పెట్టి పెంచిన పిల్లాడేగా.

సాయంత్రం షెడ్డు నుంచి వచ్చిన మీ తాతయ్యని కాళ్ళు కడుక్కోనివ్వకుండానే వాడి దుకాణానికి తీసుకెళ్ళాను. ఆయన్ని చూస్తే వాడి మనసు కరుగుతుందని నా ఆశ. దుకాణం ముందు లారీ నిలబడి ఉంది, టైల్సు పెట్టెలు దింపుతున్నారు. వాడు మమ్మల్ని లోపల కూర్చోబెట్టి చల్లటి నీళ్ళు తెప్పించాడు. అర్జీ చదివాడు. మడిచి బల్ల మీద పెట్టాడు.

ఒకసారి నిర్ణయమైన దాన్ని తిరగదోడితే సంఘం పరువు పోతుందన్నాడు. నేను వినలేదు. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. గోడ పక్క ఖాళీగా వదిలితే బళ్ళన్నీ తన దుకాణం ముందు ఆగుతాయి, సరుకు దించే చోటుండదు, కొనేవాళ్ళకి దుకాణం కనబడదు, కొత్త అంతస్తు తెరిచి నాలుగు నెలలు కాలేదు, నువ్వే చెప్పు అన్నాడు. నువ్వే చెప్పు అని నన్నే అడిగాడు.

"ఆవేళ కిటికీ దగ్గర నిలబడ్డావు కదరా. బావ నడిచి వెళ్ళడం చూశావు, నేను గుండీ వెయ్యకపోవడం చూశావు. నోరు తెరిచి ఒక్క మాట అనలేకపోయావా?" అన్నాను.

వాడు బల్ల మీది టైల్సు ముక్క ఒకటి తీసి తుడిచాడు. తుడిచి వరసలో పెట్టాడు. ఆ తర్వాత, గొంతు పెంచకుండానే అన్నాడు.

"నన్నంటావేంటక్కా. బావని లెక్కెయ్యనిది నువ్వు. నేను కాదు."

మీ తాతయ్య నా పక్కనే కూర్చుని ఉన్నారు. ఆయన చేతిలో కర్ర నేలమీద ఒక్కసారి కదిలింది. అంతే. పద, చీకటి పడుతుంది అన్నారు. ఆయనకి చీకటేమిటి, నాకోసం అన్న మాట అది.

దారిలో నా భుజం పట్టుకుని నడుస్తున్నారు. సగం దూరం వచ్చాక అడిగారు.

"నన్ను వెయ్యలేదా నువ్వు?"

"లేదు" అన్నాను.

నాలుగడుగులు నడిచారు.

"నేనైనా వేసుకునేవాణ్ణి కాదులే" అన్నారు. మళ్ళీ తనే, మీ తమ్ముడు పరాయివాడైతే ముందే జాగ్రత్తపడేవాళ్ళం అన్నారు. నన్ను ఆయన ఒక్క మాట అనలేదు, ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. అంటే బాగుండేది.

ఆ శనివారం తెల్లరంగు డబ్బాలతో వచ్చి గోడ పొడుగునా గళ్ళు గీశారు. రంగు ఆరకముందే మొదటి బండి వచ్చి ఆగింది. మధ్యాహ్నానికి గళ్ళన్నీ నిండాయి. ఒకదాని ముక్కు ఒకదాని తోకకి ఆనించి, గోడకి అంటుకుని మరీ నిలబెట్టారు.

సోమవారం పొద్దున్న మీ తాతయ్య బయల్దేరారు. నేను వస్తానంటే వద్దన్నారు. ఎదటి పక్కకి దాటాలంటే లారీలు, దాటినా అక్కడ దుకాణాల మెట్లే గానీ చెయ్యి ఆనించడానికి గోడ లేదు. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. గోడ కోసం చెయ్యి చాపితే కారు అద్దం తగిలింది. అద్దం దాటితే తలుపు పిడి. ఆ ఎండకి కాలి ఉన్న రేకు మీద వేళ్ళు పడి చెయ్యి వెనక్కి లాక్కున్నారు. బళ్ళ వెంబడి తడుముకుంటూ పోయేసరికి ఆయన నడక వీధి మధ్యకి వచ్చేసింది. వెనకనుంచి లారీ హారన్ కొట్టింది. ఆయన ఉన్నచోటే కొయ్యబారి నిలబడిపోయారు. లారీవాడు పక్కనుంచి తప్పుకుని ఏదో తిట్టి పోయాడు. నేను పరుగెత్తేలోపల ఆయనే వెనక్కి తిరిగి, వచ్చిన దారినే తడుముకుంటూ గేటు దగ్గరికి వచ్చారు.

"ఎండ ఎక్కువగా ఉంది ఇవాళ" అన్నారు.

మర్నాడు నేను తీసుకెళ్ళాను. వారం రోజులు నేనే దింపి, నేనే తెచ్చాను. నా కుట్టు వెనకబడింది, దర్జీ సణిగాడు. అదేమీ ఆయనకి చెప్పలేదు గానీ చెప్పకపోతే తెలుసుకోలేని మనిషా. ఎనిమిదో రోజు చెప్పులు వేసుకోలేదు. షెడ్డువాళ్ళకి కబురు పంపు, కుర్చీలు ఇంటికి పంపమను అన్నారు. బండిమీద కుర్చీల చట్రాలు, పేము కట్టలు వచ్చి ముందుగదిలో దిగాయి. బకెట్లో పేము నానబెట్టుకుని, ఆ మూల కూర్చుని అల్లడం మొదలుపెట్టారు. అల్లిక ఎప్పటిలాగే ఉంది, చిల్లులన్నీ సమానంగా, ఒక్క కన్ను వంకర పోలేదు. కబుర్లే లేవు. నలుగురితో కూర్చుని పనిచేసిన మనిషికి ఒంటరిగా చెప్పుకోవడానికేం ఉంటుంది? మీ అమ్మ బడి సంగతులు చెప్పి నవ్వించాలని చూసేది. నవ్వేవారు. పిల్ల బాధపడుతుందని నవ్వే నవ్వు అది.

నా తమ్ముడు వస్తూనే ఉన్నాడు. ఏమీ జరగనట్టు, గేటు దగ్గర్నుంచే బావా అని పిలుస్తూ. మొదటిసారి వచ్చినప్పుడు మీ తాతయ్య, రారా అన్నారు, కుర్చీ చూపించారు. నేను కిటికీవైపు తిరిగి కాజా కుట్టుకుంటూ ఉండిపోయాను. రెండోసారీ అంతే. మూడోసారి వాడు నా వెనకే వచ్చి నిలబడ్డాడు. ఎన్నాళ్ళిలాగ అక్కా అన్నాడు. నేను దారం కొరికి సూదిలోకి ఎక్కించుకున్నాను. ఆ తర్వాత రావడం మానేశాడు. మాట్లాడకూడదని నేనేమీ ఒట్టు పెట్టుకోలేదు. నోట్లోంచి మాట రాలేదు, అంతే. ఇప్పటికీ రావడం లేదు.

తొలకరి పడ్డ వారానికి వంతెన తెరిచారు. ఒక్క రోజులో లారీలన్నీ పెద్ద రోడ్డెక్కాయి. వీధి మళ్ళీ ఎప్పటిలా అయిపోయింది, ఏ దగ్గు ఎవరిదో గుర్తుపట్టేంత నిశ్శబ్దం. స్పీడ్ బ్రేకర్ ఒకటి వేశారు, అది దాటడానికి బళ్ళే లేవు. కానీ గోడ పక్క గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. గీసినవి చెరపాలంటే మళ్ళీ అర్జీ, మళ్ళీ సంతకం. వాడి దుకాణానికి వచ్చేవాళ్ళు, ఎదటి వరస దుకాణాలవాళ్ళు అక్కడే ఆపుకోవడం అలవాటు పడ్డారు. ఆ ఇంజనీరమ్మని ఇంకెక్కడికో వేశారని పోస్టుమాన్ గారు చెప్పాడు.

వాన వెలిసిన ఒక పొద్దున్న, హారన్లు వినబడటం లేదేం అన్నారు మీ తాతయ్య. వంతెన తెరిచారని చెప్పాను. అల్లుతున్న కుర్చీ పక్కన పెట్టి, ఒకసారి బయటికి తీసుకెళ్ళమన్నారు. గేటు దాటి, మొదటి బండికీ గోడకీ మధ్యన ఉన్న సందు దగ్గర నిలబడ్డాం. మనిషి పట్టే సందు కాదు, చెయ్యి పట్టే సందు. ఆయన భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, గోడ తడిమారు. తడిగా ఉంది. వేళ్ళు అటూ ఇటూ కదిపి, ఒకచోట ఆపారు.

"ఇక్కడ పెచ్చు పెద్దదైంది" అన్నారు.

అని చెయ్యి తీసుకుని, పద అన్నారు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ గోడ మాట ఎత్తలేదు. బయటికి తీసుకెళ్ళమనీ అడగలేదు.

ఇదీ సంగతి. నేను పోయాక ఈ వీధిలో ఈ మాట చెప్పేవాళ్ళుండరు, పోస్టుమాన్ గారు ముందే పోయారు. నువ్వు గుర్తు పెట్టుకో, నీ పిల్లలకి చెప్పు. చెప్పేటప్పుడు నా తమ్ముడు చేసింది ఒక్కటే చెప్పి నేను చేసింది దాచకు, అమ్మమ్మ కదా అని మొహమాటపడకు. రెండూ చెప్పు. ఆ గోడ పక్క నడిచింది తొమ్మిది మందేనని ఆఫీసు కాగితంలో ఉంది, కింద నా మాట మీద వేసిన సంతకాలూ ఉన్నాయి. అది అబద్ధమని చెప్పు. పదకొండేళ్ళపాటు అక్కడ ఒక మనిషి నడిచాడని, పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచాడని చెప్పు.